‘ఫెయిల్’ అనే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటర్ ఫలితాలు వెలువడిన తర్వాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ‘ఫెయిల్’ అనే ఒక్క మాటను గురించే ఉన్నాయి. దానికి తెలుగులో ఏమనాలని కొందరు అడిగారు. తెలుగులో అన్నందుకు ఇంట్లో గొడవైందని ఒకరు రాశారు. దుకాణం, ఆసుపత్రి, బోరుబావి, సినిమా హాలు, ఇలా ఎవరి అనుభవం నుంచి వారు అడిగిన ప్రశ్నలే అయినా కలిపి చదివితే ఒక విషయం తెలుస్తోంది. ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపెట్టే చోట తెలుగు ఏది పోయింది, ఎందుకు పోయింది, అందులో మనిషి పాత్ర ఎంత అన్నవి చూసి వేర్వేరు మాటలు వాడుతుంది. అందువల్ల ఈసారి ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం రాసింది. లెక్కల్లో ఒక పేపరుకు 75కి 26 రావాలి, 24 వచ్చాయి. చుట్టాలు ఫోన్ చేస్తే నేను ‘పరీక్ష తప్పింది’ అని చెప్పాను. అది విని పిల్ల ‘నేనేం తప్పు చేశాను నానమ్మా’ అని ఒకటే ఏడుపు. ‘ఫెయిల్ అయింది’ అని ఉంటే అంత బాధ అనిపించేది కాదట. నేను అనరాని మాట ఏమైనా అన్నానా?
- ఒక నానమ్మ, నల్లకుంట

జవాబు: అమ్మా, మీరు అనరాని మాట ఏదీ అనలేదు. మీరు అన్నది మన భాషలో తరతరాలుగా ఉన్న మాట, మర్యాద గల మాట. అయితే మీ మనవరాలి చెవిన పడింది వేరు. అందుకు ఆ పిల్లను కూడా తప్పుపట్టలేం.

తెలుగులో ‘తప్పు’ నామవాచకంగా ఒకలా, క్రియగా మరొకలా నడుస్తుంది. నామవాచకమైనప్పుడు దానికి పొరపాటు, అపరాధం అని అర్థం. క్రియగా వాడినప్పుడు మాత్రం తగలవలసినది తగలకపోవడం, ఉండవలసిన చోట లేకుండాపోవడం, రావలసింది రాకపోవడం అని అర్థం. బాణం గురి తప్పుతుంది, బండి అదుపు తప్పుతుంది, కొత్త ఊళ్లో మనిషి దారి తప్పుతాడు, ఎండకు తాళలేక స్పృహ తప్పుతాడు. వీటిలో ఎక్కడా నేరం లేదు. పెద్ద ప్రమాదం నుంచి బయటపడితే ‘గండం తప్పింది’ అని దేవుడికి దండం పెట్టుకుంటాం. కోడలు నెల తప్పిందంటే ఆ ఇంట్లో సంబరం. ఈ వరుసలో నింద ఉన్నది ‘మాట తప్పాడు’, ‘నీతి తప్పాడు’ వంటి చోట్లనే. అక్కడ కూడా ఆ నింద మాటలోనో నీతిలోనో ఉంది గాని ‘తప్పు’ అనే క్రియలో లేదు. పరీక్ష తప్పడం గురి తప్పడం వంటిదే. గీత 26 దగ్గర ఉంది, మీ మనవరాలు రాసిన పేపరు 24 దగ్గర ఆగింది. జరిగింది అంతే, ‘తప్పింది’ అన్న మాట చెప్పేది కూడా అంతే.

మరి ఆ పిల్లకు అలా ఎందుకు వినిపించింది? ఈ హైదరాబాదులో ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలకు ‘తప్పు’ అనే మాట ఎక్కువగా పరిచయమయ్యేది నామవాచకంగానే. ‘అది తప్పు’, ‘తప్పు చేశావు’, ‘తప్పయింది అని చెప్పు’ అన్నవి వాళ్లు ఇంట్లో రోజూ వింటారు. ‘గురి తప్పింది’, ‘లెక్క తప్పింది’ వంటి వాడుక పెద్దలు మాట్లాడుకుంటే తప్ప వాళ్ల చెవిన పడదు. కనుక ఈ తేడాను ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి నెమ్మదిగా చెప్పండి.

ఇక ‘ఫెయిల్’ మెత్తని మాట అనిపించడానికి కారణం అది మనకు పరాయి మాట కావడమే. దాని పుట్టుక అంత మెత్తనిదేమీ కాదు. మోసగించడం, ఆశను వమ్ము చేయడం అనే అర్థాలున్న లాటిన్ క్రియ నుంచి పాత ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లీషుకు చేరింది. అబద్ధమని చెప్పే ‘ఫాల్స్’, లోపమని చెప్పే ‘ఫాల్ట్’, బ్యాంకులవారి ‘డిఫాల్ట్’ దానికి రక్తసంబంధులు. మనం పుస్తకాల్లో రాసే ‘ఉత్తీర్ణత’ చూడండి. ఆ సంస్కృత పదానికి మూలార్థం దాటడం, అవతలి ఒడ్డుకు చేరడం. అంటే అనుత్తీర్ణులు ఇంకా దాటనివారు. ఆ మాట పత్రికల్లో తప్ప ఎవరి నోటా వినబడదు కానీ దానిలోని భావం నాకు ఎంతో నచ్చుతుంది. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైన ఈ నగరంలో ‘కామ్యాబ్’, ‘నాకామ్’ అనే జంట మాటలు కూడా పాతవారికి తెలుసు. ఫారసీలో ‘కామ్’ అంటే కోరిక. కోరినది దక్కినవాడు కామ్యాబ్, దక్కనివాడు నాకామ్. మన పల్లెల్లో ‘పరీక్షల తప్పిండు’ అనే పెద్దలు నేటికీ ఉన్నారు. ఈ మాటల్లో ఏదీ పిల్లవాడి వ్యక్తిత్వం మీద తీర్పు చెప్పదు, జరిగినదాన్ని మాత్రమే చెబుతుంది.

తీర్పు చెప్పే మాట వేరే ఉంది. అది ‘ఫెయిల్యూర్’. ‘వాడు ఫెయిల్ అయ్యాడు’ అన్నది ఒక పరీక్షను గురించిన వార్త. ‘వాడు ఫెయిల్యూర్’ అన్నది మాత్రం మనిషికి ముద్ర వేయడం. ‘ఫెయిల్ క్యాండిడేట్’ అనడం కూడా అటువంటిదే. నేను వాడవద్దని గట్టిగా చెప్పేది ఈ రెంటినే. విద్యార్థులు తమలో తాము మాట్లాడుకునే భాష దీనికంటే ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది. ‘ఫిజిక్స్ పోయింది’, ‘రెండు సబ్జెక్టులు మిగిలాయి’, ‘సప్లీలో తీసేశాను’, ‘మూడు బ్యాక్‌లాగ్‌లున్నాయి’ అంటారు. పోయింది పేపరే గాని మనిషి కాదని ఆ వాక్య నిర్మాణమే చెబుతుంది. ఇంజనీరింగ్ పిల్లలు ‘డిటైన్’ అనే మాటను వేరుగా ఉంచుకుంటారు. హాజరు చాలకనో, పై సంవత్సరానికి కావలసినన్ని క్రెడిట్లు రాకనో ఆగిపోయినప్పుడే దాన్ని వాడతారు. దాన్నీ ఫెయిల్‌నీ పెద్దలు కలిపేస్తారు గాని పిల్లలు కలపరు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల నమోదులో పొరపాట్లు దొర్లాయి, తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. ఆ తర్వాత ప్రభుత్వం తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలింపజేస్తే, వెయ్యి మందికి పైగా నిజానికి ఉత్తీర్ణులేనని తేలింది. ఫలితాల పట్టికలో పడిన ఒక్క మాట నిజమో కాదో తేలకముందే ఇంటింటా అది పిల్లల మీద తీర్పుగా మారిపోయింది. కనుక చుట్టాలు మళ్లీ ఫోన్ చేస్తే ‘లెక్కల్లో ఒక పేపరు మిగిలింది, సప్లిమెంటరీ రాస్తోంది’ అని చెప్పండి. అది అబద్ధం కాదు, దాపరికమూ కాదు. రీకౌంటింగుకు గడువు ఉంటే దరఖాస్తు చేయించండి. పిల్ల తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోతుంటే మాటల సంగతి పక్కనపెట్టి, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: నేను జర్నలిజం విద్యార్థిని, ఒక పత్రికలో శిక్షణ పొందుతున్నాను. ‘వర్షాకాలం రాకముందే నాలాల పూడిక తీయించడంలో అధికారులు విఫలమయ్యారు’ అని రాస్తే మా సబ్ ఎడిటర్ గారు ‘విఫలమయ్యారు’ కొట్టేసి ‘తీయించలేదు’ అని దిద్దారు. అన్ని పత్రికల్లోనూ ఉన్న ప్రయోగమే కదా, దానిలో దోషమేమిటి?
- ఓ పాఠకురాలు, తార్నాక

జవాబు: మీ సబ్ ఎడిటర్ గారు చేసిన దిద్దుబాటు భాషకూ మంచిది, వార్తకూ మంచిది.

‘విఫలం’ అంటే ఫలం లేనిది. ప్రయత్నం జరగాలి, దానికి ఫలం రాకపోవాలి, అప్పుడే ఆ మాట అతుకుతుంది. పూడిక తీయడానికి మనుషులను పెట్టి, యంత్రాలు దించి, అయినా వానల లోపు పని పూర్తి కాకపోతే ‘పూర్తి చేయలేకపోయారు’ అనవచ్చు, ‘విఫలమయ్యారు’ అన్నా సరే. అసలు పనే మొదలుపెట్టకపోతే విఫలం కావడానికి అక్కడ ఏముంది? ‘తీయించలేదు’ అన్నప్పుడు చేయవలసిన పని చేయలేదన్న నిజం సూటిగా తెలుస్తుంది. ‘విఫలమయ్యారు’ అనేసరికి ఏదో పాటుపడ్డారు పాపం, కలిసిరాలేదు అన్న ధ్వని చేరి బాధ్యత పలచబడుతుంది. అధికారులను గట్టిగా నిలదీశామనుకుని ఆ మాట రాసే విలేఖరులకు తెలియకుండానే వాక్యం అధికారుల పక్షం వహిస్తుంది. ‘తీయించలేదు’, ‘తీయించలేకపోయారు’ అని రెండు రూపాలు మన క్రియలోనే సిద్ధంగా ఉన్నాయి. మొదటిది చేయకపోవడం, రెండవది చేతకాకపోవడం. ఈ రెంటికీ మధ్య ఏది నిజమో కనుక్కోవడమే విలేఖరి పని. ‘విఫలమయ్యారు’ రాస్తే ఆ కనుక్కోవడం తప్పిపోతుంది.

ఈ ప్రయోగం ఇంగ్లీషు నుంచి దిగుమతి అయింది. ఆ భాషలో ‘ఫెయిల్ టు’ అన్నది చాలాసార్లు ‘లేదు’ అనే అర్థాన్నిచ్చే మాట మాత్రమే. దాన్ని పట్టుకుని మాటకు మాట దించేయడం వల్ల ‘నిందితుడు కోర్టుకు హాజరు కావడంలో విఫలమయ్యాడు’ వంటి వాక్యాలు పుడుతున్నాయి. అతను హాజరు కాలేదు, లేదా గైర్హాజరయ్యాడు, అంతే. నోటీసుల్లో కనిపించే ‘గడువులోగా చెల్లించడంలో విఫలమైనచో’ అన్నదాన్ని ‘గడువులోగా చెల్లించకపోతే’ అని రాస్తే చదువురానివారికి చదివి వినిపించినా అర్థమవుతుంది. ‘ఆయన నవ్వించడంలో ఎన్నడూ విఫలం కారు’ అని ఒక హాస్యనటుని గురించి రాసిన వాక్యం ఈమధ్య చదివాను. ‘ఆయన కనిపిస్తే చాలు, నవ్వు ఆగదు’ అంటే మన వాక్యమయ్యేది. నాకు అర్థం కావడం లేదని చెప్పడానికి ‘అంతుపట్టడం లేదు’, నోట మాట రానప్పుడు ‘నోట మాట రాలేదు’ అన్నవి ఉండగా అక్కడ కూడా విఫలాన్ని తెచ్చి పెట్టేవారున్నారు.

ఇంత చెప్పినంత మాత్రాన ఆ మాటను వెలివేయమని కాదు. దాని చోట అది ఎంతో నిండైన మాట. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి జరిపిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ ప్రయోగం విఫలమైంది. 1980 జులై 18న జరిపిన ప్రయోగం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఏళ్ల తరబడి శ్రమించి చేసిన ప్రయత్నం ఫలించకపోవడానికి ‘విఫలం’ కంటే తగిన మాట లేదు. చర్చలు విఫలమవుతాయి, శస్త్రచికిత్స విఫలమవుతుంది. ఒక వ్యవస్థ తన విధి నిర్వహించకపోతే ‘నిఘా వైఫల్యం’, ‘భద్రతా వైఫల్యం’ అంటాం. అయితే దేనికి దాన్ని అంటున్నామో కొలిచి అనాలి. 2019 సెప్టెంబరు 7న చంద్రుడి మీద దిగబోతూ విక్రమ్ ల్యాండర్ కూలిపోయినప్పుడు ‘చంద్రయాన్-2 విఫలం’ అని శీర్షికలు పెట్టారు. విఫలమైంది దిగే ప్రయత్నం. చంద్రుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్ మాత్రం కక్ష్యలో తన పని తాను చేసుకుపోయింది. అటువంటి సందర్భంలో ఏ భాగం పోయిందో చెప్పడమే న్యాయం.

ప్రశ్న: కోఠీలో నాకు బట్టల దుకాణం ఉండేది. నష్టం వచ్చి మూసేశాను. అప్పులన్నీ ఇంటి స్థలం అమ్మి తీర్చాను. అయినా బంధువుల్లో కొందరు ‘బోర్డు తిప్పేశాడు’ అంటున్నారు, ఒకాయన ‘ఐపీ పెట్టాడు’ అని ప్రచారం చేశాడు. వ్యాపారం దెబ్బతిన్నదని చెప్పడానికి మర్యాదైన మాట లేదా?
- ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. ఆ రెండు మాటలూ మీకు వర్తించవు. అవి మర్యాద లేని మాటలు కావడమే కాదు, మీ విషయంలో అబద్ధాలు కూడా.

‘బోర్డు తిప్పేయడం’ అంటే జనం దగ్గర డబ్బు కట్టించుకుని, రాత్రికి రాత్రి తలుపులు మూసి పారిపోవడం. చిట్టీల పేరుతో, అధిక వడ్డీల పేరుతో మోసం చేసిన సంస్థలను గురించి పత్రికలు రాసే మాట అది. దానిలో నేరారోపణ ఉంది. ‘ఐపీ పెట్టడం’ అన్నది వేరు. అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నానని కోర్టులో దాఖలు చేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు వాడుకలో మిగిలిన పొడి అక్షరాలవి. దాని వెనుక 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఉంది. చట్టం ఇచ్చిన అవకాశమే అయినా, ఊళ్లో ఆ మాట అన్నప్పుడు ఇచ్చినవాళ్ల నోట మట్టి కొట్టాడనే భావం చేరిపోయింది. ‘దివాలా’ కూడా ఇటువంటిదే. 2016లో వచ్చిన చట్టాన్ని మనం దివాలా స్మృతి అంటున్నాం. అక్కడ అది న్యాయ పరిభాష. కాని ‘దివాలా తీశాడు’ అని మనిషిని అంటే ఆస్తికీ పరువుకూ కలిపి అన్నట్టే.

మీరు అప్పులు తీర్చి దుకాణం మూశారు. దానికి ‘వ్యాపారం సాగలేదు’, ‘కలిసిరాలేదు’, ‘నష్టం వచ్చి మూసేశారు’, ‘దుకాణం ఎత్తేశారు’ అనే మాటలున్నాయి. ‘దెబ్బతిన్నారు’ అన్నదానిలో సానుభూతి కూడా ఉంది. వీటిలో ఏది వాడినా మీ నిజాయితీకి మచ్చ పడదు.

ఇదే వరుసలో ‘ఎగవేత’ను గురించి కూడా చెప్పాలి. వాయిదా కట్టలేకపోయిన ప్రతివారినీ ‘ఎగవేతదారు’ అనడం ఈమధ్య ఎక్కువైంది. కట్టగల స్తోమత ఉండీ కట్టనివాడిని, రుణంగా తెచ్చిన సొమ్మును దారి మళ్లించినవాడిని రిజర్వు బ్యాంకు ఉద్దేశపూర్వక ఎగవేతదారు అంటుంది. ఉద్యోగం పోయి రెండు నెలల కిస్తీ కట్టలేనివాడు ఆ కోవలోకి రాడు. అతనికి ‘కిస్తీ తప్పింది’ అంటారు. ఇక్కడ కూడా ‘తప్పడం’ నింద లేకుండా పని చేస్తోంది చూడండి. చెల్లింపు 90 రోజులకు మించి ఆగిపోతే బ్యాంకు ఆ రుణాన్ని తన పుస్తకాల్లో నిరర్థక ఆస్తిగా చూపుతుంది. మొండి బకాయి అని మనం పిలిచేది దాన్నే. అది కూడా బాకీ గుణమే, బాకీదారు గుణం కాదు.

ప్రశ్న: మా నాన్నగారిని ఆయాసంతో ఆసుపత్రిలో చేర్పించాం. కాగితం మీద ‘హార్ట్ ఫెయిల్యూర్’ అని రాశారు. అది చదివి మా అమ్మ గుండె ఆగిపోయిందనుకుని అక్కడే కూలబడిపోయింది. దీన్ని ఇంట్లో వాళ్లకు ఏ మాటలో చెప్పాలి?
- ఒక కుమార్తె, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గుండె ఆగిపోవడం వేరు, ఇది వేరు అని ముందు అమ్మగారికి చెప్పండి. వైద్యులు చెప్పే మూడు మాటలు వింటూనే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. గుండె కొట్టుకోవడమే ఆగిపోతే అది కార్డియాక్ అరెస్ట్. క్షణాల్లో చికిత్స అందాలి. మీ నాన్నగారికి రాసింది మూడవది. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపు చేయలేకపోతోందని దాని అర్థం. అందుకే ఆయాసం వస్తుంది, పాదాలు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. మందులతో, ఉప్పు తగ్గించుకుని, వైద్యుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి జీవిస్తున్నవారు ఎందరో ఉన్నారు.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘గుండె వైఫల్యం’ అని అనువదించారు. పరిభాషగా అది ఉండవచ్చు గాని మంచం పక్కన అనవలసిన మాట కాదు. ‘గుండె బలహీనపడింది’, ‘గుండె సరిగా పంపు చేయడం లేదు’ అని చెబితే విషయం దాచినట్టూ కాదు, భయపెట్టినట్టూ కాదు. కిడ్నీల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘కిడ్నీలు ఫెయిలయ్యాయి’, ‘పాడైపోయాయి’ అంటే ఇక తిరిగి రావన్న అర్థం వస్తుంది. నీళ్ల విరేచనాల వల్లనో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వల్లనో హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో కోలుకుంటాయి. ఏళ్ల తరబడి మధుమేహం వల్ల క్రమంగా పాడైనవాటి సంగతి వేరు. ‘ఇది తాత్కాలికమా, దీర్ఘకాలికమా’ అని వైద్యులను అడిగి, వారు చెప్పిన మాటనే ఇంట్లో చెప్పండి.

ప్రశ్న: మా ఊరు వికారాబాద్ దగ్గర. అక్కడ పొలంలో, ఇక్కడ మా అపార్టుమెంటులో, రెండు చోట్లా ‘బోరు ఫెయిలైంది’ అనే అంటున్నాం. దీనికి మన మాట లేదా?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఒకటి కాదు, మూడు నాలుగు ఉన్నాయి, పైగా ఒక్కొక్కటీ వేర్వేరు సంగతి చెబుతుంది. తవ్వినప్పుడే చుక్క రాకపోతే ‘నీళ్లు పడలేదు’ లేదా ‘బోరు పడలేదు’. కొన్నాళ్లు పోసి, భూగర్భ జలం దిగిపోయి ఆగితే ‘బోరు ఎండిపోయింది’. పాలు మానేసిన ఆవును అన్నట్టు ‘వట్టిపోయింది’ అని కూడా అంటారు. నీళ్లుండీ ఎక్కకపోతే మోటారు కాలిపోయి ఉండవచ్చు, పైపు జారి ఉండవచ్చు. మీ అపార్టుమెంటు సంఘం వాట్సాప్ గుంపులో ‘ఫెయిలైంది’ అని మాత్రమే రాస్తే మెకానిక్‌ను పిలవాలో, ట్యాంకర్ తెప్పించాలో, కొత్త బోరుకు చందా వేసుకోవాలో ఎవరికీ తెలియదు. ‘ఎండిపోయింది’, ‘మోటారు కాలింది’ అని రాయండి. పొలం సంగతి కూడా అంతే. వానలు ముఖం చాటేశాయా, పంట ఎండిందా, తెగులు తగిలిందా, గింజ పట్టలేదా అన్నవి రైతు నోట వేర్వేరు మాటలు. ‘క్రాప్ ఫెయిల్యూర్’ను ‘పంట వైఫల్యం’ అని రాసే ప్రకటనలు చూసినప్పుడు నాకు నొప్పి కలుగుతుంది. విఫలమైంది పంట కాదు. పంట పోయింది, పోగొట్టుకున్నది రైతు.

ప్రశ్న: మీసేవ కేంద్రంలో ‘సర్వర్ మొరాయిస్తోంది’ అన్నారు. ఫోన్‌లో డబ్బు పంపితే ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని వచ్చింది కానీ ఖాతాలో డబ్బు తగ్గింది. రెండూ ఒకటేనా?
- ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: ‘మొరాయించడం’ చక్కని మాట. కాడి కట్టిన ఎద్దో గుర్రమో కదలనని మొండికేయడం దాని మొదటి అర్థం. ఎన్నికల రోజున ‘ఈవీఎంలు మొరాయించాయి’ అని పత్రికలు రాయడంతో యంత్రాలకు స్థిరపడింది. యంత్రం చెడిపోలేదు, ప్రస్తుతానికి కదలడం లేదన్న సూక్ష్మం అందులో ఉంది. పూర్తిగా పోతే ‘చెడిపోయింది’, ‘పాడైంది’ అనాలి.

డబ్బు విషయంలో తెర మీద వచ్చిన మాట చూసి సరిపెట్టుకోకండి. డబ్బు మీ ఖాతాలో తగ్గి అవతలివారికి చేరకపోతే లావాదేవీ విఫలం కావడంతో పాటు సొమ్ము మధ్యలో చిక్కుకుంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో మనిషి నుంచి మనిషికి పంపిన సొమ్ము ఇలా ఆగిపోతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లోగా వెనక్కి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కనుక ఫిర్యాదులో ‘ఫెయిల్ అయింది’ అని మాత్రమే రాయకుండా ‘నా ఖాతాలో తగ్గింది, అవతలి ఖాతాలో జమ కాలేదు’ అని రాయండి.

ప్రశ్న: సినిమా ‘ఫ్లాప్’ అనకుండా, ఎన్నికల్లో ‘ఫెయిల్’ అనకుండా ఏమనాలి?
- ఓ పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: మీరు ఉంటున్నది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు దగ్గరలోనే కనుక దేవి, సంధ్య, సుదర్శన్ హాళ్ల ముందు టీ తాగేవారి మాటలు వినే ఉంటారు. ‘ఆడలేదు’ అన్నది వాళ్ల మొదటి మాట. బాగున్న సినిమా కూడా ఆడకపోవచ్చు, బాగా లేనిది ఆడవచ్చు. అందువల్ల అది బొమ్మ మంచిచెడ్డల జోలికి పోకుండా వసూళ్ల సంగతి మాత్రమే చెబుతుంది. ‘బోల్తా కొట్టింది’ అంటే ఎన్నో ఆశలు పెట్టుకున్నది పడిపోయిందని. రీళ్ల కాలంలో ‘డబ్బాలు తిరిగొచ్చాయి’ అనేవారు. ‘తుస్సుమంది’ పత్రికలో రాయదగ్గ మాట కాదు. ‘ఫ్లాప్’ ఇప్పుడు తెలుగు మాటే అయిపోయింది, దాన్ని తీసేయవలసిన అవసరం నాకు కనిపించదు.

ఎన్నికల్లో ఓడిపోతారు, పరాజయం పాలవుతారు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రానివారికి ధరావతు దక్కదు కనుక వారి ‘డిపాజిట్ గల్లంతైంది’ అంటారు. గెలిచినవారు ఇచ్చిన హామీలు నెరవేర్చకపోతే దాన్ని ‘ఫెయిల్’ అనీ ‘వైఫల్యం’ అనీ అననక్కర లేదు, ‘మాట తప్పారు’ అనండి. పైన నల్లకుంట నానమ్మ గారికి చెప్పిన జవాబులో నింద ఉందన్న ప్రయోగం అదే, ఇక్కడ ఆ నింద ఉండవలసిందే.